తొడ కండ తీసి కాలికి వేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా తమ్ముడికి 29 ఏళ్లు. అయిదు రోజుల క్రితం బైకు మీద వెళ్తుంటే లారీ తగిలి కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. రెండు ఎముకలూ విరిగాయి. చీలమండకు కాస్త పైన, ముందువైపు చర్మమూ కండా ఊడిపోయి ఎముక బయటికి కనిపిస్తోంది. ఆ రాత్రే గాయం శుభ్రం చేసి బయటి నుంచి రాడ్లు బిగించారు. రెండు రోజుల తర్వాత మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి శుభ్రం చేశారు. ఇప్పుడు గాయం మీద స్పాంజి పెట్టి ఒక మిషన్ తగిలించారు. ‘ఇది 3బీ రకం గాయం, మామూలుగా చర్మం వేస్తే సరిపోదు. ఎడమ తొడ నుంచి చర్మం, కొంచెం కండ రక్తనాళాలతో సహా తీసి మైక్రోస్కోపు కింద ఇక్కడ అతకాలి. ఎనిమిది గంటలు పట్టొచ్చు’ అన్నారు. అమ్మ ‘బాగున్న కాలు కూడా కోయనివ్వను’ అని ఏడుస్తోంది. మావయ్యేమో ‘ఇన్ని ఆపరేషన్లు ఎందుకు, తీసేయించి కృత్రిమ కాలు పెట్టిస్తే మూణ్నెల్లలో లేచి తిరుగుతాడు’ అంటున్నాడు. మా వారి తరఫు బంధువు ఒకాయనకు ఇలాగే కాలు విరిగితే కట్లతోనే మానిందట, తొందరపడొద్దని ఆయన సలహా. తమ్ముడికి పెళ్లయింది, చిన్న పాప ఉంది. సిగరెట్లు బాగా కాలుస్తాడు. ఎల్లుండి ఆపరేషన్ అంటూ సంతకం అడుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మమ్మల్ని ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ విషయంలో రోజులు లెక్కలోకి వస్తాయి కాబట్టి వరుసలో ఆపకుండా మీ ఉత్తరానికి ముందుగా జవాబు రాస్తున్నాను. ఆ కాలిని నేను చూడలేదు. ఎక్స్‌రేలు, రక్తనాళాల స్కాన్ చూసి, చేత్తో పాదం పట్టుకుని పరీక్షించిన డాక్టర్ల మాటే ఆఖరి మాట. మీరు రాసిన వివరాలను బట్టి మాత్రం వాళ్లు చెప్పింది ఇలాంటి గాయానికి సరైన వైద్యమే. గొప్ప కోసమో ప్రయోగం కోసమో చెబుతున్నది కాదు. కట్లతో మానుతుందేమో చూద్దామని ఆగడం ఒక్కటి మాత్రం చేయకండి. మీ ముందు రెండు దార్లే ఉన్నాయి. ఒకటి ఈ ఆపరేషన్‌తో కాలు నిలబెట్టుకోవడం, రెండోది మీ మావయ్య గారు చెప్పింది. మూడో దారి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అది కొన్ని నెలలు తిప్పి ఈ రెండింటి దగ్గరికే తెస్తుంది. అప్పటికి కాలు ఇంకా పాడై ఉంటుంది.

ఎందుకంటే, మీ కాలి ముందువైపు, మోకాలికీ చీలమండకీ మధ్య వేలితో నొక్కి చూసుకోండి. చర్మం కింద నేరుగా ఎముకే తగులుతుంది. వెనకవైపు పిక్క దగ్గర దిట్టమైన కండ ఉంది, అది కూడా కిందికి దిగేకొద్దీ సన్నబడి, చీలమండ దగ్గరికి వచ్చేసరికి ఒట్టి స్నాయువుగా మారిపోతుంది. కాబట్టి మీ తమ్ముడికి దెబ్బ తగిలిన చోటు కాలు మొత్తంలో అన్నిటికంటే తక్కువ రక్షణ ఉన్న చోటు. ఎముకకు రక్తం లోపలి నుంచీ అందుతుంది, పైన అంటుకుని ఉండే పల్చటి పొర నుంచీ, చుట్టూ ఉన్న కండ నుంచీ అందుతుంది. ఎముక ముక్కలైనప్పుడు లోపలి సరఫరా దెబ్బతింటుంది. పైపొర ఊడిపోతే బయటి సరఫరా కూడా పోతుంది. అలా బయటపడ్డ ఎముక గాలికి ఎండి కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. చచ్చిన ఎముకలో క్రిములు చేరితే మందు అక్కడికి వెళ్లే దారే ఉండదు, మందును మోసుకెళ్లాల్సింది రక్తమే కదా. ఏళ్ల తరబడి చీము కారుతూ ఉండే కాళ్లు చాలావరకు ఇలా మొదలైనవే.

‘తొడ మీద చర్మం పల్చగా తీసి వేసేస్తే పోలా’ అని మీకు అనిపించి ఉంటుంది. దాన్ని స్కిన్ గ్రాఫ్ట్ అంటారు. గ్రాఫ్ట్‌కి సొంత రక్తప్రసారం ఉండదు. మొదటి రెండు మూడు రోజులు కింద ఊరే ద్రవంతో బతుకుతుంది, ఆ తర్వాత కింది కండలోంచి సన్నని రక్తనాళాలు పైకి పాకి దాన్ని నిలబెడతాయి. కింద ఆరోగ్యంగా ఉన్న కండ ఉంటే చక్కగా పట్టుకుంటుంది. పైపొర పోయిన ఎముక మీదో, ఒట్టి స్నాయువు మీదో, స్టీలు ప్లేటు మీదో వేస్తే బండరాయి మీద నారు నాటినట్టే. మీ డాక్టర్లు చెబుతున్నది ఫ్లాప్. ఇందులో చర్మం, దాని కింది కొవ్వు, అవసరమైతే కండ తమ సొంత ధమనితో, సిరతో సహా వస్తాయి. కొత్త చోట ఆ నాళాలను కాలి నాళాలకు కలపగానే ఆ ముక్కకు రక్తం మొదలవుతుంది. కింద ఎముక ఉన్నా, ప్లేటు ఉన్నా అది బతుకుతుంది. పైగా కింద ఉన్న ఎముకకు కూడా రక్తాన్ని, దాంతోపాటు యాంటీబయాటిక్‌నూ అందిస్తుంది. విరిగిన ఎముక అతుక్కోవడానికి కూడా ఈ కప్పే ఆధారం.

మీ బంధువు గారికి కట్లతో మానింది అంటే అబద్ధం కాదు. ఆయనకు విరిగిన చోట ఎముక పైన కండ మిగిలి ఉండి ఉంటుంది. కాలు విరగడం ఒకటే, గాయం ఒకటి కాదు. ‘3బీ’ అన్న మాట ఈ తేడా గురించే. గస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు ఎముకల డాక్టర్లు 1976లో ఇలాంటి తెరుచుకున్న విరుపులను మూడు రకాలుగా విడగొట్టారు. మూడో రకం మరీ విస్తృతంగా ఉందని 1984లో గస్టిలో బృందం దాన్ని ఏ, బీ, సీ అని మళ్లీ విభజించింది. 3ఏలో గాయం పెద్దదైనా ఎముక మీద కప్పడానికి అక్కడి కండ, చర్మం సరిపోతాయి. 3బీలో ఎముక పైపొర ఊడిపోయి, కప్పడానికి అక్కడ ఏమీ మిగలదు. 3సీ అంటే పాదానికి రక్తం తీసుకెళ్లే ధమని తెగి, దాన్ని బాగుచేస్తే తప్ప కాలు బతకని పరిస్థితి. మీ తమ్ముడిది బీ అన్నారంటే పాదానికి రక్తం అందుతోందన్నమాట. ఇంత కష్టంలో ఇది మంచి మాటే.

అదే కాలి నుంచి తీయకుండా రెండో తొడ దాకా ఎందుకు వెళ్లాలి? గాయం మోకాలి దగ్గరైతే పిక్కలోని పై కండను ఒక పక్క విడదీసి ముందుకు తిప్పి కప్పేస్తారు. కాలి మధ్యలో అయితే పిక్క లోపలి కండ సరిపోతుంది. చీలమండ దగ్గరకు ఈ రెండూ అందవు. గాయం చిన్నదైతే పక్క చర్మాన్నే ఒక చిన్న రక్తనాళం ఆధారంగా తిప్పి వేసే పద్ధతులు ఉన్నాయి, కొన్ని కాళ్లకు అవి బాగా పనిచేస్తాయి కూడా. కానీ లారీ దెబ్బకి నలిగిన కాల్లో పైకి బాగున్నట్టు కనిపించే చర్మం కింద నాళాలు కూడా నలిగి ఉంటాయి. దాన్నే నమ్ముకుని తిప్పితే ఉన్నదీ పోయే ప్రమాదం ఉంది. అందుకే దెబ్బ తగలని చోటి నుంచి తెస్తారు. మైక్రోస్కోపు రాకముందు ఇలాంటి వాళ్లకు ఒక కాలి పిక్క చర్మాన్ని లేపి రెండో కాలి గాయానికి కుట్టి, రెండు కాళ్లనూ కలిపి కట్టేసి మూడు వారాల పాటు మంచం మీద ఉంచేవారు. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో టేలర్, డేనియల్ గజ్జల దగ్గరి చర్మాన్ని పూర్తిగా విడదీసి, నాళాలను మైక్రోస్కోపు కింద కలిపి కాలి గాయం కప్పిన తీరును ప్రకటించారు. మీ తమ్ముడికి చెబుతున్న ఆపరేషన్‌కి వయసు యాభై ఏళ్లు దాటింది.

ఎనిమిది గంటలు ఎందుకు పడుతుందో కూడా చెబుతాను. వేచి ఉండేటప్పుడు ఆ సమయమే మిమ్మల్ని ఎక్కువ భయపెడుతుంది. ముందు గాయాన్ని మళ్లీ తెరిచి, చచ్చిందేదీ మిగలకుండా తీసేస్తారు. నా దృష్టిలో ఆపరేషన్ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. చచ్చిన ముక్క మీద ఎంత మంచి కండ కప్పినా కింద చీము పడుతుంది. తర్వాత దెబ్బ తగిలిన ప్రాంతానికి అవతల ఆరోగ్యంగా ఉన్న ధమనిని వెతుకుతారు. ఇంకో బృందం తొడ దగ్గర చర్మాన్ని దాని నాళం వెంట జాగ్రత్తగా విడదీస్తూ ఉంటుంది. కలపాల్సిన నాళాలు సుమారు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. కుట్టే దారం తల వెంట్రుక కంటే సన్నం. ఒక్కో నాళం చుట్టూ అలాంటి కుట్లు ఎనిమిదో పదో పడతాయి. ధమనిని కొన్నిసార్లు కొసకు కొస కలపకుండా, కాలి ధమని పక్కకు చిన్న కిటికీ చేసి కలుపుతారు, పాదానికి వెళ్లే రక్తం ఆగకుండా ఉండాలని. సిర కలిపాక, అప్పటిదాకా రక్తం ఆపి ఉంచిన క్లిప్పులు (క్లాంపులు) తీస్తే, అప్పటిదాకా పాలిపోయి ఉన్న చర్మం అంచుల నుంచి రక్తం ఊరుతూ గులాబీ రంగులోకి తిరుగుతుంది. ఆ తర్వాత కూడా కాసేపు చూస్తూ ఆగి, అప్పుడు కుట్లు వేస్తారు. లోపల ఆలస్యమవుతోందంటే ఏదో తేడా వచ్చిందని అనుకోకండి.

ఇక మీ అమ్మగారి భయం. ‘బాగున్న కాలు’ అన్నప్పుడు ఆవిడ మనసులో ఆ కాలు కూడా కుంటిదైపోతుందన్న దిగులు ఉంది, ఆ దిగులు న్యాయమైనదే. తొడ బయటివైపు నుంచి తీసే ఈ ఫ్లాప్ కోసం ఎముకను ముట్టుకోరు, కాలికి రక్తమిచ్చే ప్రధాన ధమనిని ముట్టుకోరు. దాని కొమ్మ ఒకదాన్ని మాత్రమే తీసుకుంటారు. వెడల్పు తక్కువైతే అంచులు దగ్గరకు లాగి నిలువుగా కుట్టేస్తారు, పొడుగాటి మచ్చ మిగులుతుంది. వెడల్పు ఎక్కువైతే అక్కడ పల్చటి గ్రాఫ్ట్ వేయాలి, అప్పుడు ఆ చోటు కాస్త గుంటపడి కనిపిస్తుంది. తొడ పక్కన కొంత మేర మొద్దుబారినట్టు ఉండటం మామూలే. నడకకు మాత్రం చాలామందిలో పెద్ద లోటు రాదు. గాయం మరీ వెడల్పుగా ఉంటే కొందరు వీపు కండ తీసుకుంటారు. అలా అంటే ఒక మాట అడగండి: తర్వాత ఊతకర్రల మీద బరువు మోపడానికి వాడేది ఆ కండే కదా, దానికి ఏం చేస్తారని. మీ అమ్మగారిని ఒకసారి సర్జన్ దగ్గర కూర్చోబెట్టి, తొడ మీద పెన్నుతో గీసి చూపించమనండి. కళ్లతో చూశాక సగం భయం తగ్గుతుంది.

ఆపరేషన్ అయిన మొదటి రెండు రోజులు అసలు పరీక్ష. నర్సు గంట గంటకూ వచ్చి ఆ చర్మాన్ని చూస్తుంది, నిద్రపోతున్నా సరే. చేతి వెనకవైపు ఆనించి వెచ్చగా ఉందో లేదో చూస్తుంది. వేలితో నొక్కి వదులుతుంది, నొక్కిన చోట తెల్లబడి రెండు మూడు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. పెన్నులాంటి డాప్లర్ పరికరం ఆనించి లోపలి రక్తప్రవాహం చప్పుడు వింటుంది. చర్మం పాలిపోయి చల్లబడి, నొక్కితే రంగు తిరిగి రాకపోతే ధమనిలో అడ్డు. ఊదారంగుకి తిరిగి ఉబ్బుతూ, నొక్కి వదలగానే క్షణంలో రంగు నిండిపోతుంటే సిరలో అడ్డు. రెండింటికీ ఒకటే వైద్యం, వెంటనే థియేటర్‌కి తీసుకెళ్లి గడ్డ తీసి మళ్లీ కలపడం. గంటల్లో పట్టుకుంటే చాలా ఫ్లాప్‌లు నిలబడతాయి. అర్ధరాత్రి మళ్లీ లోపలికి తీసుకెళ్తామంటే వాదించకండి, మెలకువగా ఉండి పట్టుకున్నారని అర్థం. మంచం పక్కన కూర్చునే వాళ్లు ఫ్లాప్‌ని నొక్కి చూడకూడదు గానీ, రంగు మారినట్టు అనిపిస్తే నర్సుకి వెంటనే చెప్పొచ్చు, చెప్పాలి కూడా. అనుభవమున్న చోట నూటికి తొంభైకి పైగా ఫ్లాప్‌లు బతుకుతాయి. బతకనివి కూడా కొన్ని ఉంటాయి, ఆ మాట సంతకానికి ముందే మీరు తెలుసుకుని ఉండాలి. ఫ్లాప్ పోయినంత మాత్రాన వెంటనే కాలు తీసేయడం కాదు, ఇంకో చోటి నుంచి మరో ఫ్లాప్ ప్రయత్నించే అవకాశం తరచుగా ఉంటుంది.

తొందర ఎందుకు అన్నదానికి ఈ రంగంలో అందరూ తలుచుకునే లెక్క ఒకటి ఉంది. స్లొవేనియాలోని ల్యుబ్లియానాలో పనిచేసిన మార్కో గోదీనా అనే సర్జన్ 532 మంది రోగుల ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. దెబ్బ తగిలిన 72 గంటల్లోపు కప్పినవాళ్లలో ఫ్లాప్ పోయినది 0.75 శాతం, ఇన్ఫెక్షన్ వచ్చింది 1.5 శాతం. మూడు రోజులు దాటి మూడు నెలల్లోపు కప్పినవాళ్లలో అవే 12 శాతం, 17.5 శాతం. మీరు ఇప్పటికే అయిదో రోజులో ఉన్నారు కదా, ఈ అంకెలు చూసి గుండె జారిపోనివ్వకండి. ఆ రోజుల్లో మీరు చెప్పిన స్పాంజి మిషన్ లేదు. గాయంలోని చెడు ద్రవాన్ని పీలుస్తూ, బయటి గాలి తగలకుండా ఆ మిషన్ కొన్ని రోజులు కాపాడుతుంది. మొదటి వారం పది రోజుల్లో కప్పినా మంచి ఫలితాలు వస్తున్నాయి. అయితే మిషన్ కాపలా మాత్రమే కాస్తుంది, ఫ్లాప్ చేసే పని చేయదు. అది ఉంది కదా అని వారాలు జరపడానికి వీల్లేదు. ఎల్లుండి అంటే సమయం సరిగానే ఉంది.

మీ మావయ్య గారి మాటను నేను కొట్టిపారేయను. ఇంట్లో అందరూ ఆయన మీద కోప్పడుతున్నారేమో, అలా చేయకండి. అమెరికాలో ఎనిమిది పెద్ద ఆస్పత్రుల్లో తీవ్రంగా దెబ్బతిన్న కాళ్లున్న 569 మందిని రెండేళ్లు వెంబడించి చూసి 2002లో ఫలితాలు వెల్లడించారు. కాలు తీసేయించుకున్నవాళ్లకీ, నిలబెట్టుకున్నవాళ్లకీ రోజువారీ జీవితంలో ఉన్న ఇబ్బంది దాదాపు ఒకేలా తేలింది. తిరిగి పనిలోకి వెళ్లినవాళ్లు తీసేయించుకున్నవాళ్లలో 53 శాతం, నిలబెట్టుకున్నవాళ్లలో 49.4 శాతం. కాలు నిలబెట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి రావడం ఎక్కువ. అంటే, కాలు తీసేయించుకోవడం ఓటమేమీ కాదు. అయితే మూణ్నెల్లలో లేచి తిరుగుతాడన్న మాటను అంత తేలిగ్గా తీసుకోవద్దు. తీసేశాక మిగిలిన మోడు మానాలి, వాపు తగ్గి ఆకారానికి రావాలి, మోడును కృత్రిమ కాలిలో దూర్చే సాకెట్ కుదరాలి. ఆ తర్వాత కూడా జీవితాంతం కృత్రిమ కాలు మార్చుకుంటూ, మోడు మీద పుండ్లు పడకుండా చూసుకుంటూ ఉండాలి. ఆ పరిశోధనలో ఇంకో విషయం తేలింది, మీకు అసలు పనికొచ్చేది అదే. ఎవరు బాగా కోలుకున్నారన్నది ఏ ఆపరేషన్ చేశారన్నదాని కంటే, ఇంట్లో ఎంత తోడుంది, డబ్బు ఇబ్బంది ఎంత, పొగ తాగుతారా, ‘నేను చేసుకోగలను’ అన్న నమ్మకం ఎంత ఉంది అన్నవాటి మీద ఎక్కువగా ఆధారపడింది.

పాదానికి రక్తం నిలవకపోతే, ఎముక చాలా పొడుగున పోతే, పాదమే చితికిపోతే, ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంటే కాలు తీసేయమని నేనే చెబుతాను. అలాంటివి మీ ఉత్తరంలో లేవు. అరికాల్లో స్పర్శ లేదు కాబట్టి కాలు దండగ అని ఎవరైనా అంటే దాన్ని మాత్రం అప్పుడే నమ్మకండి. మొదట స్పర్శ లేకుండా ఉన్న కాళ్లలో దాదాపు సగానికి రెండేళ్లకల్లా తిరిగి వచ్చినట్టు ఆ అమెరికా బృందమే తర్వాత చూపించింది. దెబ్బకి కమిలిన నరం, తెగిన నరం ఒకటి కాదు.

ఇంకో మాట, మీరు నొచ్చుకోకుండా వినాలి. మీ ఉత్తరంలో అమ్మ ఏమంటోందో ఉంది, మావయ్య ఏమంటున్నాడో ఉంది, బంధువు ఏమన్నారో ఉంది. మీ తమ్ముడు ఏమంటున్నాడో ఒక్క మాట లేదు. స్పృహలో ఉన్నాడు, 29 ఏళ్లవాడు, ఆ కాలు అతనిది. భయపడతాడని చాలా ఇళ్లలో రోగి దగ్గర విషయం దాస్తారు. దాస్తే ఏమవుతుందంటే, ఆపరేషన్ తర్వాత నెలల తరబడి నొప్పి భరిస్తూ వ్యాయామం చేయాల్సినవాడికి ఇదంతా ఎవరో తన మీద పెట్టిన భారంలా ఉంటుంది. ఈ రోజే నొప్పి మందు పనిచేస్తున్న వేళ చూసి, అతని భార్యను కూడా పక్కన కూర్చోబెట్టి, రెండు దార్లూ దాచకుండా చెప్పండి. కాలు ఉంచుకుంటే ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పట్టొచ్చని, మరో రెండు మూడు ఆపరేషన్లు ఉండొచ్చని చెప్పండి. నిర్ణయం అతని నోటి నుంచి రానివ్వండి. సంతకం కూడా అతనిదే కావాలి.

ఆ రెండు మూడు ఆపరేషన్లు ఏమిటంటే, కప్పు పడ్డాక ఎముక పని మొదలవుతుంది. బయటి రాడ్లు తీసి ఎముక లోపల నెయిల్ అనే పొడుగాటి రాడ్డు వేయొచ్చు. కొందరికి కప్పే రోజే వేస్తారు. మధ్యలో ఎముక ముక్క పోయి ఉంటే అది ఎన్ని సెంటీమీటర్లన్నది ముఖ్యం. కొద్దిగా అయితే నడుము ఎముక నుంచి తీసిన ఎముకపొడి సరిపోతుంది. ఇంకా ఎక్కువైతే ఖాళీలో ఆరేడు వారాలు సిమెంటు ముద్ద పెట్టి, దాని చుట్టూ పొర ఏర్పడ్డాక ముద్ద తీసి ఆ సంచిలో ఎముకపొడి నింపుతారు. లేదా కాలి చుట్టూ రింగుల చట్రం (ఫిక్సేటర్) బిగించి బాగున్న ఎముకను పైన కోసి రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున కిందికి జరుపుతారు. ఇదంతా మీ తమ్ముడికి అవసరమో కాదో నాకు తెలియదు, ‘ఎముక ఎంత పోయింది’ అని అడిగితే అక్కడి డాక్టర్లు చెబుతారు. దాంతోపాటు రేపే అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. రక్తనాళాల స్కాన్ తీశారా, కాలి మూడు ధమనుల్లో ఎన్ని బాగున్నాయి? ఎముకల డాక్టరు, ప్లాస్టిక్ సర్జన్ కలిసి ప్లాన్ వేశారా? ఇలాంటి ఫ్లాప్‌లు ఇక్కడ తరచుగా చేస్తారా? రాత్రి ఏదైనా తేడా వస్తే వెంటనే థియేటర్ తెరిచే ఏర్పాటు ఉందా? ఆఖరి దానికి తడుముకుంటే, ఆ ఏర్పాటున్న చోటికి ఇప్పుడే పంపమని అడగడంలో తప్పేమీ లేదు. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

సిగరెట్ల గురించి మీరు ఉత్తరం చివర్లో ఒక వాక్యంలో రాశారు, నేనైతే మొదట్లోనే పెట్టేవాణ్ని. నికోటిన్ సన్నని నాళాలను బిగపడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల నాళం మీద ఫ్లాప్ మొత్తం ఆధారపడి ఉన్నప్పుడు అది ఎంత చెడ్డదో మీరే ఊహించండి. నేను పైన చెప్పిన అమెరికా రోగుల్లోనే పొగ తాగేవాళ్లకు ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం రెండింతలకు పైగా ఉంది, ఎముక లోపలి ఇన్ఫెక్షన్ అయితే మూడున్నర రెట్లు పైనే. ఎముక అతుక్కోవడం కూడా ఆలస్యమైంది. కాబట్టి ఈ రోజు నుంచి ఒక్కటి కూడా వద్దు. ఎముక పూర్తిగా అతికేదాకా, అంటే నెలల పాటు. పొగాకు నమలడం, ఎలక్ట్రానిక్ సిగరెట్ కూడా అంతే. నికోటిన్ ప్యాచ్ వాడాలన్నా డాక్టర్లను అడిగే వాడాలి. చూడ్డానికి వచ్చే స్నేహితుల్లో ఎవరైనా జాలిపడి చాటుగా ఇస్తారు, వాళ్లకు మీరే గట్టిగా చెప్పాలి. షుగర్ ఉందేమో పరీక్ష చేయించారా లేదా చూడండి, మాంసకృత్తులున్న తిండి బాగా పెట్టండి. గాయం మానడానికి శరీరం వాడుకునేది వాటినే.

ఇంటికొచ్చాక కాలు ఎత్తుగా పెట్టుకునే ఉండాలి. ఆస్పత్రిలో ఉండగానో, వారం పది రోజులకో కాలు కిందికి వేలాడదీయడం మొదలుపెట్టిస్తారు, మొదట రోజుకి రెండు మూడు సార్లు, అయిదు నిమిషాల చొప్పున. కిందికి దించగానే ఫ్లాప్ ముదురు రంగుకి తిరుగుతుంది, పైకెత్తితే మళ్లీ మామూలవుతుంది. మొదటిసారి చూసినవాళ్లు హడలిపోతారు, ముందే తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నాను. సమయం పెంచుకుంటూ పోయేకొద్దీ ఆ రంగు మారడం తగ్గుతుంది. బరువు ఎప్పుడు మోపాలన్నది ఎముక చెబుతుంది, ఫ్లాప్ కాదు. ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పేదాకా ఆగండి. ఈలోగా మోకాలు, చీలమండ, వేళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ మాత్రం ఒక్క రోజు కూడా ఎగ్గొట్టనివ్వకండి. తొడ చర్మం మందంగా ఉంటుంది కాబట్టి మొదట్లో ఆ చోటు ఉబ్బుగా, చెప్పు పట్టనట్టుగా ఉండొచ్చు. ఆరు నెలలు దాటాక కావాలంటే కొవ్వు తీసి పల్చన చేస్తారు. ఆ చర్మానికి స్పర్శ సరిగా ఉండదు, వేడినీళ్ల సంచి, కాపడం లాంటివి దాని మీద ఎప్పుడూ పెట్టొద్దు. కాలినా అతనికి తెలియదు.

నెలలు గడిచాక కూడా ఫ్లాప్ అంచున చిన్న రంధ్రం పడి నీళ్లలా, చీములా కారినా, సాయంత్రాలు జ్వరం తగులుతున్నా, తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా ఇంట్లో యాంటీబయాటిక్ కొని వేయకండి. చీమును పరీక్షకు పంపకముందే మందు పడితే ఏ క్రిమి ఉందో దొరక్కుండా పోతుంది. ఆపరేషన్ చేసిన చోటికే, అదే రోజు తీసుకెళ్లండి.